తొమ్మిదో టేకు

“ఇంకొక్కటి,” అంది డబ్బింగ్ ఇన్‌చార్జి మైకులోకి.

అద్దానికి అవతల నిలబడ్డ అతను చేతిలో కాగితాలు కిందికి దించాడు. అతనికి రెండడుగుల దూరంలో భార్య. ఇంకెన్నాళ్లు భార్య అనొచ్చో సోమవారం తేలుతుంది. ఆ రోజు కోర్టులో విడాకుల ఆఖరి సంతకాలు.

“ఇది ఏడోది మేడం,” అన్నాడు సౌండ్ ఇంజినీరు. రికార్డింగు బల్ల ముందే కూర్చుని జుట్టు నెరిసిన పెద్దమనిషి. “పెదవి కుదిరింది, గొంతు కుదిరింది. ఇంకేం కుదరాలంటారు?”

“అబద్ధం వినబడుతోంది.”

“చర్చివాళ్ల సినిమా. ఆదివారం ప్రార్థనయ్యాక హాల్లో వేసుకుంటారు. దీనికింత పట్టింపా?”

ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

కాపురం చెడిన ఇద్దరి కథ అది. ఇల్లొదిలి వెళ్లిన భర్త తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి క్షమించమంటాడు. భార్య లోపలికి రమ్మంటుంది. అంతే సీను. ఈ రోజుల్లో ఎవరి డైలాగులు వాళ్లు వేర్వేరు పూటల్లో వచ్చి చెప్పి పోతారు. ఇద్దర్నీ ఒకే గదిలో నిలబెట్టే తలనొప్పి ఎవరూ పెట్టుకోరు. ఈవిడ పెట్టుకుంది. నిలబెట్టిందీ ఎవరిని? పదేళ్లు కలిసి గొంతులిచ్చి, నాలుగు నెలలుగా ఒకరి మొహం ఒకరు చూడని మొగుడూ పెళ్లాలను.

అతను తలుపు తోసుకుని ఇవతలికొచ్చాడు.

“ఒక్క నిమిషం బయట మాట్లాడాలి.”

“ఇక్కడే చెప్పండి.”

అతను ఇంజినీరు వైపు చూసి గొంతు తగ్గించాడు. “తను వస్తుందని నాకు చెప్పలేదు.”

“చెబితే మీరొచ్చేవారు కాదు.”

“ఇదేం బాగాలేదు. మీకు తెలియందేముంది?”

“తెలుసు కాబట్టే. వెళ్లండి, టైమవుతోంది.”

అతను కాసేపు అక్కడే తచ్చాడి, వెనక్కి వెళ్లాడు.

“పాపం, నలిగిపోతున్నాడు,” అన్నాడు ఇంజినీరు.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. పోయిన గురువారం నుంచి ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ రోజు అతని భార్య ఒక్కతే వచ్చి ప్రార్థన సీను చెప్పింది. ఇంజినీరు టీకి వెళ్లాడు. ఉన్న నాలుగు లైన్లూ అయిపోయినా ఆవిడ కళ్లు తెరవలేదు. మైకు ఆన్‌లో ఉందన్న ధ్యాసే లేదు.

“ప్రభువా, ఆయన్ని తిప్పి పంపు. పంపకపోయినా సరే, ఎవరి మీదా నాకు పగ పుట్టనివ్వకు.”

ఆ మాటలు హెడ్‌ఫోన్స్‌లోంచి నేరుగా వచ్చి ఇన్‌చార్జి చెవుల్లో పడ్డాయి. అప్పటినుంచి అన్నం ముందు కూర్చున్నా అవే, బస్సెక్కినా అవే.

ఎనిమిదో టేకూ పోయింది.

ఆమె మైకు బటన్ నొక్కింది. “కాగితం చూడకండి. తెర కూడా చూడకండి. ఆవిడ వైపు తిరిగి చెప్పండి.”

“తెరమీది పెదవులతో సింకు పోతుంది,” అన్నాడతను.

“పోనివ్వండి.”

తెరమీద గుమ్మం కనబడింది. అతను తిరిగాడు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి భార్య కళ్లలోకి చూశాడు.

“నేను చేసింది తప్పు. దేవుడు చూస్తుండగా చెబుతున్నాను...”

అక్కడ ఆగిపోయాడు. తెరమీది భర్త పెదవులు ఆడించడం పూర్తిచేసి ఊరుకున్నాడు.

“రావాలనే ఉంది,” అన్నాడతను సొంత మాటల్లో. “చాలాసార్లు మన వీధి చివరిదాకా వచ్చాను. మొహం చెల్లక వెనక్కి పోయాను.”

ఇంజినీరు చెయ్యి బటన్ మీదికి వెళ్లింది. “మేడం, ఇది స్క్రిప్టులో లేదు. ఆపనా?”

“ఆపకండి.”

అవతల భార్య అతని వైపు ఒక అడుగు వేసింది.

“తాళం నేనేం మార్చలేదు,” అంది. “నీ దగ్గరున్న తాళంచెవే పడుతుంది.”

అతను భోరుమన్నాడు. ఆవిడ అతని చేతిలో కాగితాలు తీసి పక్కన పెట్టి, అరచేత్తో చెంపలు తుడిచింది.

ఇన్‌చార్జి హెడ్‌ఫోన్స్ తీసేసింది. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది, సంతోషించాలి. కానీ గోడవైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది.

పదో టేకు సింకుతో సహా ఒక్క దెబ్బకే కుదిరింది.

వెళ్లేముందు భార్య వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “అక్కా, మీరివాళ మమ్మల్ని కలిపి నిలబెట్టకపోతే సోమవారం నా బతుకు తెల్లారిపోయేది. మీకోసం రోజూ ప్రార్థన చేస్తాను.”

“పనికోసం చేశానమ్మా. ఇంటికెళ్లండి.”

అతను గుమ్మం దగ్గరే ఆగాడు. ఏదో చెప్పబోయాడు.

“పనైపోయింది,” అందామె కాగితాలు సర్దుకుంటూ. “ఆవిడ మెట్లు దిగేస్తోంది, వెళ్లండి.”

వాళ్ల అడుగుల చప్పుడు కిందికి వెళ్లిపోయింది. ఇంజినీరు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“సినిమా ఎందరు చూస్తారో గానీ, ఒక కాపురం మాత్రం ఇవాళే నిలబడింది. అదేంటమ్మా, మంచిపని చేసి మీరెందుకు ఏడుస్తున్నారు?”

“ఏం లేదు.”

“సర్లెండి. వచ్చే నెల పది రోజులు సెలవడిగారుగా. మీ బదులు ఎవర్ని పెట్టుకోమంటారు?”

“ఎవరూ వద్దు. ఆ సెలవు అక్కర్లేదు.”

“అయ్యో, ఎందుకని?”

ఆమె లైటు ఆపేసి బయటికి నడిచింది.

ఆ సెలవు, భార్య వెనకే మెట్లు దిగి వెళ్లిన అతనితో తన పెళ్లికి.