రెండొందల మీటర్ల లోపల

ఫోటోలో సముద్రం కన్నా ఇల్లే పెద్దగా కనబడుతోంది.

గుండ్రంగా తిరిగిన వరండా. దానిమీద సన్నటి కమాను. మెట్లకు ఎదురుగా, కొంచెం దూరంలో, నురగ.

తాపీపని చేసే కుమార్ కోస్తాలో ఒకాయనకు కట్టిచ్చి వచ్చిన ఇల్లు అది. మరిపెడ పక్క తండాలో ఆ ఫోటో ఇల్లిల్లూ తిరిగి, చివరికి గంగి చేతికి వచ్చింది.

"జూసినవా? చిన్నోడు సముద్రం కాడ బంగ్ల గట్టిండు," అని మొగుడు బీక్యా ముఖం ముందు పెట్టింది గంగి. "నువ్వేమో ఇంకా గీడ బర్ల కొట్టాలే గట్టవడ్తివి."

బీక్యా ఒక్క చూపు చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆ ఒక్క చూపులోనే కమాను ఒంపు మొత్తం కొలిచేశాడు.

బీక్యా, కుమార్ ఇద్దరూ అబ్రహాం మేస్త్రి దగ్గరే పని నేర్చారు. బీక్యా ఆరేళ్లు ముందు చేరాడు. కానీ ముసలితనం వచ్చి పని మానుకున్న రోజున మేస్త్రి తన తాపీని కుమార్ చేతిలో పెట్టాడు.

"బీక్యా, నీది గట్టి చెయ్యిరా. వీనిది మంచి చెయ్యి."

ఎనిమిదేళ్లయింది. ఆ మాట చేపముల్లులా బీక్యా గొంతులోనే ఉంది.

ఏడాది తిరక్కుండానే కబురొచ్చింది. ఆ ఇల్లు కూలగొడుతున్నారట.

ఎందుకని కుమార్ ఫోన్ చేస్తే యజమాని ఒకటే మాట అన్నాడు. "మీ తెలంగాణోళ్ల పని ఇంతేనయ్యా!"

కుమార్ మళ్లీ తాపీ పట్టలేదు. సకల జనుల సమ్మె మొదలైంది. అతను రోజూ మరిపెడ వెళ్లి దీక్షా శిబిరంలో ఒక మూల కూర్చునేవాడు. ఎవరు పనికి పిలిచినా "తెలంగాణ రానియ్యి, జూద్దాం" అనేవాడు. అసలు సంగతి అది కాదని తండా అంతటికీ తెలుసు.

ఆ ఇల్లు కూల్చే పని పట్టిన గుత్తేదారు రవీందర్ మనుషుల కోసం తండాకు వచ్చాడు. "జేసీబీ ఇసుకల దిగవడ్డదట. మనుషులతోనే కూలగొట్టాలె. ఎవరొస్తరు?"

అది ఎవరు కట్టిన ఇల్లో తెలియగానే అందరికన్నా ముందు బీక్యా చెయ్యెత్తాడు.

రైల్లో కూర్చున్నంతసేపూ అతనికి నవ్వొస్తూనే ఉంది.

ఇంటి చుట్టూ ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతి ఉన్నాయి. కొలతలు వేసిన సర్కారు అధికారి టేపు చుట్టుకుని నీడకు వెళ్లాడు. పడవ పక్కన వల బాగుచేసుకుంటున్న చిలుకమ్మ అనే ముసలామె దగ్గరికి వెళ్లాడు బీక్యా.

"గోడ పలిగిందా అవ్వా? పునాది కుంగిందా?"

"అబ్బే, ఇంటికేం రోగం!" అందామె. "పోటు నీరు ఎక్కడిదాకా వస్తుందో, అక్కణ్ణించి రెండొందల మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టకూడదంట. ఇది నూట ముప్పై కూడా లేదు. మా పడవలు లాక్కునే దారికి అడ్డంగా కట్టేశాడు. అర్జీల మీద అర్జీలు పెట్టి సాధించాం."

వల పక్కన పెట్టి ఇంటివైపు చూసింది.

"తప్పంతా కట్టించినోడిది. కట్టినోడు మీ వైపు కుర్రాడేనంట. ఏం చెయ్యి నాయనా అది!"

బీక్యా నవ్వు అక్కడే ఆగిపోయింది.

కమాను మీద మొదటి దెబ్బ తనే వేశాడు. సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. భుజం జివ్వుమంది.

ఎక్కడో ఒకచోట తప్పు ఉండే ఉంటుంది. దానికోసమే కొట్టాడు. ఒక్కో ఇటుకా తిప్పి చూశాడు. మూలలు చూశాడు. మెట్ల కింద, గూడు వెనక, ఏ కన్నూ పడని చోట్ల కూడా సందులన్నీ ఒకే మందంలో, దారం పట్టినట్టు ఉన్నాయి.

రెండో రోజు రవీందర్ విసుక్కున్నాడు. "ఇదేం గోడరా బాబు! ఎంత గొట్టినా పడతలేదు."

మూడో రోజు సాయంత్రానికి కమాను ఒక్కటే మిగిలింది. మిగతావాళ్లు సాయానికి వస్తే బీక్యా వాళ్లను తిట్టి పంపేశాడు. ఒక్కడే కొట్టాడు. అది కూలినప్పుడు కూడా ముక్కలు కాలేదు. మొత్తంగా ఇసుకలోకి ఒరిగింది, నిద్రపోయినట్టు.

మిగతావాళ్లు శిథిలాలు ఎత్తడానికి అక్కడే ఆగారు. బీక్యా ఒక్కడే మానుకోటలో రైలు దిగేసరికి సమ్మెకు బస్సులు బంద్. లారీ పట్టుకుని మరిపెడ చేరాడు. తలొంచుకుని శిబిరం దాటిపోతుంటే కుమార్ పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఆగన్నా. జర కూసో."

కుర్చీలో అబ్రహాం మేస్త్రి ఉన్నాడు. బీక్యా కింద పరిచిన చాప మీద కూర్చుని భుజం మీది కండువా ఒళ్లోకి, చేతుల మీదికి లాక్కున్నాడు.

"నువ్వు కండ్లార జూసినవ్," అన్నాడు కుమార్. "నిజం జెప్పన్నా. నా పనిల ఏమన్న తప్పుండెనా?"

పాట పాడుతున్న వాళ్లు అప్పుడే ఆపారు. మేస్త్రి చెవి ఇటే పెట్టాడు.

ఎనిమిదేళ్లలో మొదటిసారి మేస్త్రి బీక్యా మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏం జెప్పాలె తమ్మీ," అన్నాడు బీక్యా. "గడ్డపార తగలంగనే రాలింది. పూట గూడ పట్టలే."

కుమార్ తలాడించాడు. లేచి, చెప్పులు వెతుక్కుని, తండా వైపు నడుచుకుంటూ పోయాడు.

మేస్త్రి తన గ్లాసులోని చాయ్ సగం ఇంకో గ్లాసులో వంచి బీక్యాకు అందించాడు.

"తీస్కో బిడ్డా. దూరంకెళ్లి వచ్చినవ్."

బీక్యా అరచేతుల నిండా మూడు రోజుల సమ్మెట పనికి చిట్లిన బొబ్బలు.

"వద్దు మేస్త్రీ, ఇప్పుడే తాగిన," అన్నాడు, చేతులు కండువా కిందినుంచి తియ్యకుండా.