గంగాధరరావుగారి అండమాన్ యాత్ర

తాళం వేసిన ఇంట్లో గిన్నె పడ్డ చప్పుడైంది.

పక్కింట్లో భోజనం చేస్తున్న ఉమాపతి చేతిలో ముద్ద ఆగిపోయింది. రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. అనుమానం లేదు. చప్పుడు గంగాధరరావు వంటింట్లోంచే వచ్చింది.

గంగాధరరావు ఊళ్లో లేడు. పెళ్లాం పిల్లలతో అండమాన్ వెళ్లాడు. నాచారంలోని ఆ కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఆయన ఎవర్నీ వదల్లేదు.

ఆయన ఉప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆఫీసు నాలుగేళ్లకోసారి కుటుంబ యాత్రకి ఛార్జీలిస్తుంది. అందరూ తిరుపతో కన్యాకుమారో చూసొస్తారు. ఈయన ఓడెక్కి, సముద్రం మధ్య ఆ ఏడాదే పొగ కక్కడం మొదలుపెట్టిన అగ్నిపర్వతపు దీవి చూపిస్తానని పిల్లలకి మాటిచ్చాడట. నెల్లాళ్లు ఇదే పురాణం.

"ఇసుక నల్లగా ఉంటుందండీ! రాళ్లు ఇంకా వేడిగానే ఉంటాయట. వెళ్లకుండా దొంగ బిల్లులు పెట్టి ఉద్యోగం పోగొట్టుకునే రకం కాదు నేను. ఖర్చయినా సరే, పిల్లలకి కళ్లారా చూపించాలి!"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాలనీ అంతా చచ్చినట్టు విన్నది.

ఆటో ఎక్కుతూ ఆయన భార్య తారామణి, "ఇల్లు మీకు అప్పజెప్పి వెళ్తున్నాం అన్నయ్యగారూ" అంది.

ఉమాపతి మౌలాలి రైల్వే షెడ్డులో ఫిట్టరు. తోడబుట్టిన ఆడపిల్ల లేదు. ఆ పిలుపుకే కరిగిపోయాడు.

"ఫికర్ చెయ్యకు చెల్లే. నేనున్న గద" అన్నాడు.

అన్నాడంటే అన్నట్టే. రోజూ పొద్దునా సాయంత్రం వెళ్లి ముందు తలుపు తాళం లాగి చూసి వస్తున్నాడు. పీర్జాదిగూడలో ఈమధ్యే, ఒంటికి నూనె రాసుకుని ఉత్త చెడ్డీలతో తిరిగే చెడ్డీ దొంగలు పడి ఒక ముసలాయన తల పగలగొట్టారు. అప్పట్నుంచి ఉమాపతికి నిద్ర కూడా సరిగ్గా లేదు. ఆ ఇంట్లో చెంచా పోయినా తారామణికి మొహం చూపించలేనని అతని భయం.

చెయ్యి కడుక్కోకుండానే రోకలి అందుకున్నాడు.

"గండయ్యా! సారింట్ల దొంగలు పడ్డరు, ఉరుకు!"

పాలు పోసే గండయ్య గేదెల కర్రతో పరిగెత్తాడు. వెనక ఇంకో పదిమంది. దొంగ దొరికాడంటే పిరికివాడూ పహిల్వానే.

ముందు తలుపు తాళం అలాగే ఉంది. వెనక తలుపు తాళం మాత్రం లేదు. లోపల గడియ పడి ఉంది. ఉమాపతి భుజంతో రెండు గుద్దులు గుద్దేసరికి గడియ ఊడింది.

లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చీకటి. ఉక్క. వంటింట్లో స్టవ్ వెలుగుతోంది. దాని పక్కన నేల మీద నాలుగు కంచాలు.

"వండుకొని తింటున్నరు, సూసినవా అన్నా! నలుగురున్నరు" అన్నాడు గండయ్య.

ఆ నలుగురిలో ఒకడు నడింట్లో దొరికాడు. ఒంటిమీద డ్రాయరు తప్ప ఏమీ లేదు. ఒళ్లంతా నిగనిగలాడుతోంది. మొహం చుట్టూ తువ్వాలు బిగించి ఉంది. చిన్నగది తలుపుకి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"చెడ్డీ దొంగనే! ఒంటికి నూనె సూడు!"

మొదటి దెబ్బ గండయ్యది. కర్ర మోకాలి మీద పడింది. వాడు వంగాడు, కానీ తలుపు వదల్లేదు. ఎవరో కడుపులో తన్నారు. ఇంకెవరో చెప్పు తీసి చెంపలు వాయించారు. తువ్వాలు నెత్తురుతో తడిసింది. వాడు దాన్ని ఒక చేత్తో ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కడోడివిరా? మాట్లాడు!" అని ఉమాపతి రోకలితో భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వాడు తలుపు దగ్గరే కూలబడి మూలిగాడే తప్ప మాట్లాడలేదు.

"పోలీసుల్ని పిలుద్దాం, చచ్చిపోతాడు" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"పోలీసులొచ్చెదాంక లోపలున్న ముగ్గురు ఊకుంటరా? కత్తులు పట్టుకొని ఒక్కసారే మీదవడితే?" అన్నాడు ఉమాపతి. అతనికి కోపమెంతో భయమూ అంతే.

ఉపాయం గండయ్యకి తట్టింది. వంటింట్లో మూకుడు నిండా ఎండుమిరపకాయలు మాడ్చి తెచ్చి, చిన్నగది తలుపు సందు దగ్గర పెట్టి, తన కండువాతో పొగని లోపలికి విసిరాడు.

"రాండ్రా బయటికి!"

నడిల్లంతా ఘాటు. కొట్టేవాళ్లే దగ్గలేక చచ్చారు. గది లోపల కూడా దగ్గు మొదలైంది.

అంతవరకూ ఒక్క దెబ్బకీ ఎదురు తిరగనివాడు ఆ దగ్గు వినగానే పిచ్చెత్తినట్టు లేచాడు. విరిగిన చెయ్యి వేలాడుతుండగా గండయ్య మీద పడి తువ్వాలు మీదుగానే మణికట్టు కొరికాడు. నిప్పులాంటి మూకుడుని ఉత్త చేత్తో పట్టుకుని అవతలికి విసిరేశాడు. అరిచెయ్యి కాలిన వాసన వచ్చింది.

"సంపుతడన్నా, వీడు నన్ను సంపుతడు!" అని గండయ్య గావుకేక పెట్టాడు.

ఉమాపతి ఇంక ఆలోచించలేదు. రోకలి రెండు చేతులతో ఎత్తి నడినెత్తిన వేశాడు. వాడు తలుపు మీదకే ఒరిగి, మెల్లగా జారి గడపకి అడ్డంగా పడ్డాడు. కాళ్లు కాసేపు కొట్టుకుని ఆగాయి.

"ఇగ ఒగ్గొక్కడే రావాలె! చెల్లెకు మాటిచ్చిన, ఒక్కణ్ణి గూడ వదల!" అని అరుస్తూ ఉమాపతి రోకలి మళ్లీ పైకెత్తాడు.

చిన్నగది గడియ లోపలినుంచి ఊడింది, దగ్గుతో మెలికలు తిరుగుతున్న పిల్లలిద్దర్నీ పొట్టకి కరుచుకుని తారామణి గడపలోకి వచ్చి, "ఇంక ఆయన్ని కొట్టకండి అన్నయ్యగారూ, మేం అండమాన్ వెళ్లలేదు" అంది.