మెనూగారి పర్మిషన్

“సెలవు అడగట్లేదు సార్. వెళ్తున్నానని చెప్తున్నాను.”

ఇంజినీరు తలెత్తాడు. బల్లకు అవతల పంపుహౌస్ ఆపరేటర్ నిలబడి ఉంది. భుజాన ప్రయాణపు సంచి.

“ఎక్కడికమ్మా?”

“మా అమ్మాయి ఈత పోటీకి. రేపు ఫైనల్స్. బస్సు మధ్యాహ్నం.”

“బాగుంది. కరెంటు పోతే మెనూ ఎవరు నొక్కుతారు? నేనా?”

అదీ చిక్కు. ఊరికి నీళ్లు తోడే మోటార్లన్నీ ఒక్క కంప్యూటర్ చెప్పినట్టు వింటాయి. ఆ కంప్యూటర్ మాత్రం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మొరాయిస్తుంది. నల్లటి తెర మీద ఐదు వరుసల మెనూ పరిచి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో తేల్చమంటుంది. ఐదింటిలోనూ ఒకేలాంటి అంకెలూ అక్షరాలూ. పనికొచ్చేది ఒక్కటే. మనిషి వచ్చి దాన్ని ఎంచుకునేదాకా అక్కణ్నుంచి కదలదు. పొరపాటున వేరేది నొక్కితే మోటార్లు మూగబోతాయి.

ఒకసారి ఆమెకు జ్వరం వస్తే, ఫోన్లో అడిగి తెలుసుకుని వాచ్‌మన్ నొక్కాడు. నొక్కాల్సినదాని కింది వరుస నొక్కాడు. సాయంత్రానికి ఊళ్లో కుళాయిలు బుస్సుమన్నాయి. జనం ఖాళీ బకెట్లతో ఆఫీసు మీదికి వచ్చారు. ఆమె తప్ప ఎవరూ ఆ కీబోర్డు ముట్టుకోకూడదని ఇంజినీరు ఆ రోజే తేల్చి చెప్పాడు.

ఆమెకు ఇచ్చిన క్వార్టర్ కూడా పంపుహౌస్ గోడను ఆనుకునే ఉంటుంది. అన్న పెళ్లికి వెళ్లలేదు. కూతురు ఎన్ని కొలనుల్లో ఈదినా ఫోన్లో చూసి మురిసిపోవడమే.

నిన్న పోటీలు జరిగే ఊరి నుంచి ఆ కూతురే ఫోన్ చేసింది.

“ఏమ్మా, ఈసారైనా మెనూగారు పర్మిషన్ ఇస్తారా?”

“వెటకారమా?”

“ఉన్నమాటే. ఒడ్డున అందరి అమ్మలూ అరుస్తుంటారు. నాకు మా కోచ్ సార్ ఒక్కడే. ఆయనదసలే పీల గొంతు, నీళ్లలోకి వినబడి చావదు. నాకంటే నీకు అదే ముద్దయితే చెప్పేయ్. ఇంకెప్పుడూ అడగను.”

ఆపరేటర్ ఫోన్ పెట్టేసి సంచి సర్దుకుంది.

“మెనూ తీసేస్తాను సార్,” అంది ఇప్పుడు. “కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే లేచి మోటార్లు వేసుకుంటుంది. ఎవరూ నొక్కక్కర్లేదు.”

ఇంజినీరు నవ్వాడు. “కంప్యూటర్ కంపెనీ కుర్రాడి వల్లే కాలేదు. పాస్‌వర్డ్ ఎవరిదగ్గరుందో తెలీదు, కదిపితే నాది పూచీ కాదని చేతులెత్తేసి పోయాడు. నువ్వు తీస్తావా?”

“తీస్తాను.”

“పాడైతే?”

“పాడైతే బస్సెక్కను.”

ఇంజినీరు కుర్చీలోంచి లేచాడు. మనిషి మంచివాడే. గొంతు తగ్గించి అన్నాడు.

“ఒక్క మాటమ్మా. అప్పుడు నేనిక్కడ లేను గానీ, అంతా విన్నాను. ఈ కంప్యూటర్ రాగానే నలుగురు ఆపరేటర్లలో ముగ్గుర్ని ఇంటికి పంపేశారు. నాలుగో కాగితం నీ పేరు మీద తయారై ఉంది. మెనూ నొక్కడానికి ఒక మనిషి ఉండాలి కదా అని నిన్ను ఆపారు. దాన్ని తీసేస్తే నీకిక్కడ పనేముంది? ఉద్యోగం పోతుంది. క్వార్టర్ పోతుంది. పిల్లను పెట్టుకుని ఎక్కడుంటావు?”

“ఎక్కడో ఒకచోట ఉంటాం సార్. రేపు మాత్రం ఆ ఒడ్డున ఉంటాను.”

“నేను ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోమని అడగలేదుగా.”

వెనక్కి చూడకుండా పంపుహౌస్‌కి నడిచింది. ఇంజినీరు ఆమె వెనకే పరుగులాంటి నడకతో వచ్చాడు. గుమ్మం దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. అరిగిపోయిన చేతుల కుర్చీ అది. ఏదో కొట్టింది. తెర పాస్‌వర్డ్ అడిగింది. కీబోర్డు వైపు చూడకుండానే కొట్టింది. ఒక ఫైలు తెరుచుకుంది. మెనూ చూపించమన్న చోట వద్దని మార్చింది. మనిషి కోసం ఆగమన్న చోట సున్నా పెట్టింది. పనికొచ్చే వరుస పేరు ఒక్కటీ ఉంచి, మిగతా నాలుగూ చెరిపేసింది.

లేచి వెళ్లి, ఎవరూ అడ్డుపడేలోపు, మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

మోటార్ల హోరు చప్పున ఆగిపోయింది. వాచ్‌మన్ లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, మళ్లీ బకెట్లతో వస్తారక్కా.”

“ఆగు తమ్ముడూ.”

స్విచ్ పైకెత్తింది. తెర వెలిగింది. నల్లబడింది. ఇంజినీరు ముందుకు వంగి ఆ ఐదు వరుసల కోసం చూశాడు.

అవి రాలేదు. తెర మీద మోటార్ల బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారింది. మొదటి మోటారు గుర్రుమంది. రెండోది అందుకుంది. కాసేపట్లో కాళ్ల కింద నేల ఎప్పట్లాగే సన్నగా అదరసాగింది.

“ఇంత తేలికా?” అన్నాడు ఇంజినీరు. “ఇన్నేళ్లూ నిన్నిక్కడ గుంజకు కట్టేసింది ఈ దిక్కుమాలిన మెనూయే కదమ్మా. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, దొరికితే తన్నాలి.”

“తన్నండి సార్. ఈలోపు నా బస్సు వెళ్లిపోతుంది,” అని ఆమె సంచి భుజాన వేసుకుంది.

ముగ్గురు ఆపరేటర్లకు కాగితాలు అందిన రోజున, నిద్రపోతున్న పసికూతుర్ని ఒళ్లో వేసుకుని, ఇదే కుర్చీలో కూర్చుని, ఆ మెనూను పెట్టింది ఆమే.