పాలు పొంగించే వేళ

"ఆగండి మావయ్యా! వెలిగించకండి!"

కోడలు మధులిక కేక వేసేసరికి స్టవ్వు దాకా వెళ్ళిన లైటరు గాల్లోనే ఆగిపోయింది. వెంకటరావు వెనక్కి తిరిగాడు. మొహంలో నవ్వు కూడా సగంలోనే ఆగింది.

"ఏటమ్మా?"

"రాహుకాలం ఇంకా పోలేదు మావయ్యా. ఇదిగో, ఫోన్లో చూపిస్తోంది. ఒక్క గంట ఆగుదాం."

మలేసియాలోని సుంగై సుమున్‌లో వాళ్ళింటి వాకిట్లో నిలబెట్టిన మోటార్‌హోమ్ అది. పాత వ్యానులో మంచం, సింకు, అలమరలు అన్నీ వెంకటరావే తన చేతులతో బిగించాడు. అన్నిటికన్నా గొప్ప పని నిన్ననే పూర్తయింది. సిలిండరును కిందకి దించక్కర్లేకుండా, బండి పక్కనున్న మూతి నుంచే గ్యాసు నింపుకునే ఏర్పాటు. వచ్చినవాళ్ళందరికీ ఆ మూతి చూపించి చూపించి ఆయన వేలు అరిగిపోయింది. బండే కదా, చక్రాల కింద నిమ్మకాయలు పెడితే చాలన్నాడు ఆయన. వండుకు తినేది ఏదైనా ఇల్లే, పాలు పొంగించాల్సిందే అంది భార్య పుష్పవల్లి. ఎప్పటిలాగే పుష్పవల్లి మాటే నెగ్గింది.

"రాహుకాలమేటి, కేతుకాలమేటి!" అన్నాడు వెంకటరావు. "పొద్దున్నే గ్యాసు వాల్వు తిప్పి ఉంచినాను. పాలు గిన్నెలో పోసినాం. ఇంక అంటించడమే లా!" మాట చివర మలయ్ వాళ్ళ 'లా' తగిలించడం ఆయనకి అలవాటు.

"అమ్మాయి ఇండియా నించి వచ్చినాది. ఇలాంటివి మనకంటే దానికే బాగా తెలుస్తాయి. దిగండి," అంది పుష్పవల్లి. "అయినా ఇక్కడ ఏదో కంపు కొడతంది."

"కంపు కాదు, కొత్త ప్లైవుడ్డు జిగురు. సేసినోడికి తెలీదా?"

దిగాడు గానీ ఊరికే దిగలేదు. లైటరు జేబులో పడేసుకుని, తలుపు ధడాలున మూసి మరీ దిగాడు. వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, విజయవాడ నుంచి కోడల్ని తెచ్చుకుంటే రాహువు కూడా విమానమెక్కి వెంట వచ్చేసినాడని గొణుక్కున్నాడు. శుక్రవారం నమాజు వేళ కావడంతో వీధంతా సద్దుమణిగి ఉంది. సన్నగా జల్లు పడుతోంది.

కాసేపటికి కళ్ళజోడు బండిలోనే ఉండిపోయిందని గుర్తొచ్చి లేచాడు. వెళ్ళి తలుపు తీశాడు. మెట్టు మీద కాలు పెట్టబోయి కొయ్యబారిపోయాడు.

గుప్పున కొట్టింది. జిగురు కాదు. గ్యాసు.

"రాకండి! ఎవులూ ఇటు రాకండి!" అని అరిచాడు. జేబులోని లైటరు తీసి దూరంగా గడ్డిలోకి విసిరాడు. బండి వెనక, బయటి అరలో ఉన్న సిలిండరు వాల్వు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, ఇంటి అరుగు దగ్గరికి వచ్చి పడ్డాడు.

గాలి బాగా ఆడి వాసన పూర్తిగా పోయాక, వాల్వు కాస్త తిప్పి గ్యాసు పైపు అతుకులన్నిటికీ సబ్బునీళ్ళు రాసుకుంటూ వచ్చాడు. సింకు కింద ఒక నట్టు దగ్గర బుడబుడమని బుడగలు లేచాయి. వాల్వు మళ్ళీ కట్టేసి, నట్టు పట్టుకు చూశాడు. వేళ్ళతోనే తిరిగింది. స్పానరు ఆ పక్కనే పడి ఉంది. నిన్న సరిగ్గా ఆ నట్టు బిగించబోతుండగా పక్కింటి రాజన్ వచ్చాడు. రాజన్‌కి మూతి చూపించడానికి లేచాడు. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగారు. టీ తర్వాత ఏం చేశాడో ఇప్పుడెంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

పొద్దుట్నుంచి గ్యాసు కొంచెం కొంచెంగా కారి, గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంది. అందులోనే ముగ్గురూ పాలగిన్నె చుట్టూ నిలబడ్డారు. తన చేతిలో లైటరు. బొటనవేలు దాని మీదే ఉంది.

వెంకటరావు వాకిట్లో చతికిలబడ్డాడు. భయం ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు ఒళ్ళంతా గగుర్పొడుస్తోంది. జల్లు మీద పడుతున్నా లేవలేదు. కోడలి వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, మళ్ళీ కోడలి వంక చూశాడు.

"నవ్వినాను తల్లీ," అన్నాడు. "మా అమ్మ సెప్తే నవ్వినాను. మీ అత్త సెప్తే నవ్వినాను. ఇందాక నువ్వు సెప్తే తిట్టుకున్నాను. ఎక్కడో పైన గ్రహాలు తిరగడమేటి, ఇక్కడ నా వేలు ఆగడమేటి! ఎంత లెక్క, ఎంత లెక్క! ఆ లెక్కే మనల్ని బతికించినాది."

రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దణ్ణం పెట్టాడు. ఆయన దణ్ణం పెట్టడం చూసి ఎరగని పుష్పవల్లి పైటచెంగుతో కళ్ళొత్తుకుంది.

"ఆ రాహుకాలం నా ఫోన్లో కూడా పెట్టమ్మా. ఇకమీదట అది సూడకుండా గడప దాటను."

మధులిక కళ్ళు కూడా తడయ్యాయి. ఆయన ఫోను తీసుకుని యాప్ ఎక్కించింది. ఏ ఊరని అది అడిగితే సుంగై సుమున్ అని కొట్టింది. వచ్చినది చదివింది. తన ఫోను తీసి పక్కన పెట్టి చూసింది. మళ్ళీ చూసింది.

"ఏటమ్మా, అయిపోయినాదా?"

"మావయ్యా..." మధులిక రెండు ఫోన్లూ ఆయన ముందు పెట్టింది. "నా ఫోన్లో ఇంకా విజయవాడ రాహుకాలమే ఉంది, ఊరు మార్చడం మర్చిపోయాను. ఇక్కడి రాహుకాలం మనం బండెక్కకముందే వెళ్ళిపోయింది. మీరు లైటరు పట్టుకున్నప్పుడు ఇక్కడ దివ్యమైన అభిజిత్ ముహూర్తం!"