తల్లీకొడుకులు కావలెను

"మీరు నిజంగా తల్లీకొడుకులేనా?" రఘుపతి మళ్ళీ అడిగాడు.

"గదేంది సార్, గట్లంటరు?" ఉమాకాంత్ నొచ్చుకున్నాడు.

స్వరాజ్యం కొంగు నెత్తి మీదికి లాక్కుని నేల చూపులు చూసింది.

రఘుపతి సూరత్ పక్కనున్న హజీరాలో ఇంజనీరు. సూరత్ తెలుగువాళ్ళ ఉగాది సభలో వేయడానికి సొంతంగా ఓ చిన్న సినిమా తీస్తున్నాడు. మొగుడు పోయిన ఆడమనిషి మరమగ్గాల కార్ఖానాలో పనిచేసి, కొడుకును చదివించుకునే కథ. నటులు వద్దు, నిజమైన తల్లీకొడుకులే కావాలని ఆయన పట్టుదల. ముందు రోజు వచ్చిన ఇద్దరూ మేనత్తా మేనల్లుడని తేలేసరికి టీ అయినా ఇవ్వకుండా పంపేశాడు.

తెర మీద తన మొహం చూసుకోవాలని స్వరాజ్యానికి చిన్ననాటి నుంచి ఆశ. డిండోలి నుంచి బస్సులో వస్తూ గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

"మీ అమ్మగారు మరీ చిన్నగా కనిపిస్తున్నారే?"

"అమ్మకు చిన్నప్పుడే పెండ్లయింది సార్."

"మరి నాన్నగారు?"

"నేను పాలు తాగేటప్పుడే పోయిండు." అక్కణ్ణుంచి ఉమాకాంత్ ఆగలేదు. అమ్మ కార్ఖానాలో బాబిన్లకు దారం చుట్టింది. చీరలకు రాళ్ళు అతికించింది. తను పస్తుండి బిడ్డకు పెట్టింది. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఆ కథ విని విని స్వరాజ్యానికి కంఠతా వచ్చేసింది. అయినా కళ్ళొత్తుకుంది.

రఘుపతి కరిగిపోయాడు. మేకప్ చేసే సురేశ్ వెంటనే ఉమాకాంత్ మీసం గొరిగి, స్వరాజ్యం జుట్టుకు తెల్లరంగు పూశాడు.

మొదటి సీనులో తల్లి అన్నం కలిపి కొడుక్కి ముద్ద అందించాలి.

"తినుండ్రి, సల్లారిపోతది," అంది స్వరాజ్యం.

"కట్. కొడుకుని 'తినండి' అంటారేమిటమ్మా?"

స్వరాజ్యం నాలుక కరుచుకుంది. ఉమాకాంతే అందుకున్నాడు. "మా దిక్కు గంతే సార్. ఇంటికి మొగదిక్కయినోనికి మర్యాద ఇస్తరు."

రఘుపతిది గోదావరి జిల్లా. తెలంగాణ ఆచారాలు ఆయనకేం తెలుసు? "ఎంత సంస్కారం," అని మురిసిపోయి, ఆ మాటను అలాగే ఉంచమన్నాడు.

తర్వాతి సీనులో చదువు మానేస్తానన్న కొడుకును తల్లి చెంపదెబ్బ కొట్టాలి.

"ఉత్తగ తాకిస్తే సాలు," ఉమాకాంత్ గుసగుసలాడాడు.

స్వరాజ్యం చెయ్యెత్తింది. ఏ పాత సంగతులు గుర్తొచ్చాయో ఏమో, ఆ దెబ్బకు పక్క కార్ఖానాలో మగ్గాలు కూడా ఓ క్షణం ఆగినట్టనిపించింది. రఘుపతి కట్ చెప్పడం మరిచిపోయాడు. చివరికి కళ్ళు తుడుచుకుని, "అటువైపు నుంచి ఇంకోటి తీద్దామా అమ్మా?" అన్నాడు.

"ఎన్నన్న తియ్యుండ్రి సార్," అంది స్వరాజ్యం ఉత్సాహంగా.

"అమ్మా, జర మెల్లగ," అన్నాడు ఉమాకాంత్.

ఆ 'అమ్మా' వినేసరికి స్వరాజ్యానికి నవ్వాగలేదు. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కుదిపి కుదిపి నవ్వింది. ఏడుస్తోందనుకుని రఘుపతి దాన్ని కూడా తీసుకున్నాడు.

సాయంత్రానికి పనైపోయింది. "ఇలాంటి ప్రేమ నటిస్తే రాదమ్మా. కడుపున పుడితేనే వస్తుంది," అని ఆయన దండం పెట్టి మరీ సాగనంపాడు.

ఇద్దరూ డిండోలి బస్సెక్కారు. దారి పొడుగునా ఉమాకాంత్ చెంప పట్టుకునే కూర్చున్నాడు.

ఇంటి తలుపు తీసిన ముసలమ్మ అతని చెంప తడిమి చూసి, స్వరాజ్యం మీద విరుచుకుపడింది: "మొగడు పోయినంక పస్తులుండి సాదుకున్న నా కొడుకును గిట్ల కొట్టుడేందే కోడలా?"