ముగ్గు కంప్యూటరు

"వరండా నిండా ఈ తొక్కుడుబిళ్ళ ఏంటమ్మా?" గుడ్లురిమారు హెడ్మాస్టరు చెంచయ్య గారు.

"కంప్యూటరండి," అంది రెబ్కా టీచరు.

బడికొచ్చిన అసలు కంప్యూటరు పక్కనున్న మిరప కల్లాల ఘాటుకి పాడవుతుందని ఆయన తన గదిలో పెట్టి తాళం వేశారు. చేసేది లేక ఆమె దాని మీటలన్నీ ముగ్గుపిండితో నేలమీద గీసింది. పిల్లలు ఇంగ్లీషు అక్షరాల మీద గెంతుతూ పేర్లు టైపు చేస్తున్నారు.

ఆయన ముగ్గులో అడుగు పెట్టబోయారు.

"చెప్పులు విడవండి సార్! కంప్యూటరు దగ్గరికి చెప్పులతో రాకూడదన్నారుగా," అంది ఒక పిల్ల.

విడిచారు. పిల్లల్ని పొమ్మన్నారు. రెబ్కా చీవాట్లకి సిద్ధపడింది.

ఆయన మీటల మధ్య వంగి వంగి వెతికారు. గొంతు తగ్గించారు.

"నా పేరులో మొదటి అక్షరం ఎక్కడుందమ్మా? గదిలోదాని మీద నెల్లాళ్ళుగా వెతుకుతున్నాను."