కింది మూల స్టిక్కర్

“ఆ స్టిక్కర్ పీకొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు!”

సేల్స్‌మన్ కేకకి షాపులో వాళ్లంతా తిరిగి చూశారు.

గోడ నిండా టీవీలు వెలుగుతున్నాయి. ఒకావిడ ఓ టీవీ ముందు వంగి, కింది మూలన ధర, సైజు రాసి అంటించిన కాగితాన్ని గోటితో మెల్లగా లేపుతోంది.

“పీకడం లేదు బాబూ. ఈ మూల నుంచి తీసి పై మూలన పెట్టమంటున్నాను. అంతే.”

“ఎక్కడుంటే మీకేం? కొనేదా పెట్టేదా!”

ఆవిడ పక్క టీవీ దగ్గరికి వెళ్లి మళ్లీ అదే మూలకి వంగింది.

“ఎవరయ్యా ఆవిడ?” అని అడిగాడు టీవీ కొనడానికి వచ్చిన దర్జీ.

“ఎవరికి తెలుసు సార్! అప్పుడప్పుడూ ఊడిపడుతుంది. మేం స్టిక్కర్లక్క అని పేరు పెట్టుకున్నాం. మీరిటు రండి.”

దర్జీ ఇంకోసారి వెనక్కి చూశాడు. అతనికి మనిషి కంటే ముందు బట్టలు కనబడతాయి. మెడదాకా మూసిన నల్లటి జాకెట్టు. దాని చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర కత్తిరించినట్టు ఆగాయి. ఒక్క పువ్వు లేదు, ఒక్క గీత లేదు.

ఇంత మంచి కుట్టుకి ఇంత పిసినారి రంగేమిటో!

“సార్, ఇది వినండి!” సేల్స్‌మన్ రిమోట్ నొక్కాడు. గాజు తలుపులు గజగజలాడాయి. “మీ ఇంట్లో పెడితే పక్కవీధికి వినబడాలి!”

“పక్కవీధికెందుకయ్యా? మా అమ్మాయి కోసం కొంటున్నా.”

“మరీ మంచిది! ఆడపిల్లలకి పాటలంటే ప్రాణం. ఇంకాస్త పెంచుతా చూడండి...”

“మా అమ్మాయికి వినబడదు.”

సేల్స్‌మన్ గబుక్కున సౌండు తగ్గించేశాడు.

“అయితే రంగులు చూడండి సార్,” అన్నాడు, తేరుకుని.

దర్జీ కూతురు చెవిటి పిల్లల బడిలో, హాస్టల్లో ఉంటుంది. సెలవులకి ఇంటికొచ్చింది. తల్లి బతికున్నప్పుడు ఇద్దరూ చేతులతో గలగలా మాట్లాడుకునేవాళ్లు. అప్పట్లో దర్జీ మిషను మీంచి తల ఎత్తేవాడు కాదు. ఇప్పుడతనికి వచ్చిన సైగలు మూడే: తిన్నావా, పడుకో, జాగ్రత్త. అవి అయిపోతే తండ్రీకూతుళ్ల మధ్య మాటలైపోయినట్టే. పిల్ల లోపలి గదిలోకి వెళ్లి కిటికీ ముందు కూర్చునేది.

టీవీ ఉంటే ముందుగదిలో, తన పక్కన కూర్చుంటుందని అతని ఆశ.

“అమ్మాయికి వినబడదన్నారా?”

స్టిక్కర్లక్క పక్కనే నిలబడి ఉంది.

దర్జీకి ఒళ్లు మండింది. బస్సులో, ఆస్పత్రిలో, ఎక్కడికెళ్లినా ఇదే జాలి. అయ్యో పాపం అనేవాళ్లతో విసిగిపోయాడు.

“ఏది కొన్నా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ కుడివైపు కింది మూల...”

“మా ఇంటి గొడవ మీకెందుకమ్మా? దారిన పోయేవాళ్లంతా సలహాలిచ్చేవాళ్లే!”

ఆవిడ ఏదో చెప్పబోయింది. చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

“చూశారా, కస్టమర్లు కూడా తిడుతున్నారు!” సేల్స్‌మన్‌కి ఊతం దొరికింది. “ఇంకోసారి షాపులో అడుగుపెట్టకండి.”

కాపలావాడు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ వెళ్లిపోయింది.

దర్జీ చివరికి ఒక టీవీ ఎంచుకున్నాడు.

“అది స్టాకు లేదు సార్. గోడకున్న ఈ ఒక్కటే.”

“ఇంతసేపూ చూపించి ఇప్పుడా చెప్పేది?”

“మీరడగలేదుగా!”

సరే, గోడకున్నదే ఇమ్మన్నాడు. దాని రిమోట్ కనబడలేదు. దొరికిన రిమోట్‌తో పక్క టీవీ వెలిగింది. బిల్లు కౌంటర్ వాళ్లు డెలివరీ కౌంటర్‌కి పొమ్మన్నారు, వాళ్లు మళ్లీ బిల్లు కౌంటర్‌కే పొమ్మన్నారు. సూది కొనడానికి ఊరంతా తిరిగినట్టయింది దర్జీకి.

“ఒకటి సార్,” అన్నాడు సేల్స్‌మన్ సాగనంపుతూ, “మూలనున్న స్టిక్కర్ మాత్రం పీకకండి. గ్యారంటీ పోతుంది.”

సాయంత్రానికి టీవీ ఇంటి గోడకెక్కింది.

దర్జీ సినిమా పెట్టాడు. పిల్ల తండ్రి మొహం చూసి మర్యాదకి కూర్చుంది. డాన్సులు పెట్టాడు. ఆవులించింది. ఏనుగులు నది దాటుతున్నాయి. పిల్ల కిటికీ గది వైపు చూస్తోంది.

అయిపోయింది, లేచి వెళ్లిపోతుంది అనుకున్నాడు.

పిల్ల రిమోట్ తీసుకుంది. ఒక్కో ఛానలూ దాటుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

వార్తలు!

దర్జీకి విచిత్రంగా తోచింది. పిల్ల లేచి టీవీ దగ్గరికెళ్లింది. కింది మూలకి వంగి, స్టిక్కర్ అంచుని గోటితో లేపింది.

“పీకకే! గ్యారంటీ పోతుంది!”

అరిచాక గుర్తొచ్చింది, ఎవరి మీద అరిచాడో.

కాగితం చుట్టుకుంటూ ఊడొచ్చింది. పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ మూలకేసి చూస్తూ కిలకిలా నవ్వింది. ఎవరికో జవాబు చెబుతున్నట్టు చేతులు ఆడించింది. తండ్రి చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుని, చూడు చూడు అని వేలు పెట్టి చూపించింది.

దర్జీ కళ్లజోడు సర్దుకుని వంగాడు.

ముందు అతనికి మణికట్టు దగ్గర కత్తిరించినట్టు ఆగిన నల్లటి జాకెట్టు చేతులు కనబడ్డాయి. ఆ మూలన చిన్న గడిలో నిలబడి, చెవులు వినబడని వాళ్లందరికీ లోకం సంగతులు సైగలతో చెబుతున్నది స్టిక్కర్లక్కే.